పిలిచిన దైవం – పలికిన దాసుడు

భద్రాద్రి రాముని చరిత్రలో రామదాసు కంటే ముందు స్మరించవలసిన పేరు పోకల దమ్మక్క. ఆమె భద్రిరెడ్డిపాలెం అనే అడవి పల్లెలో నివసించిన భక్తురాలు. ఒకనాటి రాత్రి స్వామి ఆమెకు స్వప్నంలో కనిపించి, సమీపంలోని భద్రగిరిపై తాను పుట్టలో ఉన్నానని, వెలికితీసి సేవించమని ఆదేశించాడని స్థలపురాణం. దమ్మక్క సందేహించలేదు. తెల్లవారగానే కొండనంతా వెదకి పుట్టను కనుగొన్నది. గోదావరి నుండి కడవలతో నీరు మోసుకొచ్చి పోసి ఆ మట్టిని కరిగించింది. సీతాలక్ష్మణ సమేతుడైన స్వామి వెలికివచ్చాడు. ఆకులతో చిన్న పందిరి వేసి, అడవిలో దొరికిన తాటిపండ్లు నివేదించి, తనకు తెలిసిన విధంగా పూజించుకున్నది. ఆగమం చదివిన మాబోటి అర్చకులకు ఆ తాటిపండ్ల నైవేద్యం తలపునకు వచ్చినప్పుడల్లా ఒకింత సిగ్గు కలుగుతుంది.

పిలుపు మొదట ఆమెకు వచ్చింది. ఆమె ద్వారా కంచర్ల గోపన్నకు అందింది.

గోపన్న జన్మస్థలం ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి. తల్లిదండ్రులు కామాంబ, లింగన్న మంత్రి. 1620 ప్రాంతంలో జన్మించాడని పెద్దల అంచనా. గోల్కొండ నవాబు అబుల్ హసన్ తానీషా కొలువులో ఉన్నత పదవులలో ఉన్న అక్కన్న, మాదన్నలు ఈయనకు మేనమామలు. బాల్యం నుండే సంస్కృతాంధ్రాలు అభ్యసించాడు. రఘునాథ భట్టరు అనే ఆచార్యుని వద్ద వైష్ణవ దీక్ష పొందాడని, కబీరుదాసు తారకమంత్రం ఉపదేశించాడని సంప్రదాయం. ఈ కబీరు పదిహేనవ శతాబ్దపు కాశీ కబీరు కాజాలడు. ఆ సంప్రదాయానికి చెందిన వేరొక సాధువై ఉండాలి. హరికథలలో ఇద్దరినీ ఒకరినే చేయడం అలవాటైపోయింది.

మేనమామల పలుకుబడితో గోపన్న పాల్వంచ పరగణాకు తహశీల్దారు అయ్యాడు. పన్నులు వసూలు చేసి గోల్కొండ ఖజానాకు పంపడం ఆయన విధి. ఒకసారి పల్లెల ప్రజలు గుంపులు గుంపులుగా భద్రగిరికి జాతరకు పోతుండగా తానూ వెంట వెళ్ళాడు. కొండపై చూచినది ఆకుల పందిరి. అందులో లోకాలనేలే స్వామి ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ ఉన్నాడు. ఆ దృశ్యం ఆయనను నిలువనీయలేదు. స్వామి స్వప్నంలో పలికినది దమ్మక్కతోనే అయినా, ఆ పందిరి ముందు నిలిచిన క్షణాన తననూ పిలిచినట్లే భావించాడు గోపన్న.

ప్రజలు తమ శక్తికొలది విరాళాలు ఇచ్చారు. అవి చాలలేదు. చేతిలో ఉన్న సర్కారు పైకాన్ని ఆలయానికి వెచ్చించాడు. గర్భాలయం, మండపాలు, ప్రాకారాలు లేచాయి. సీతమ్మకు చింతాకు పతకం, స్వామికి కలికితురాయి, లక్ష్మణునికి ముత్యాల పతకం, భరతునికి పచ్చల పతకం, శత్రుఘ్నునికి బంగారు మొలతాడు చేయించాడు. శిఖరంపై నిలుపవలసిన సుదర్శన చక్రం గోదావరిలో లభించిందని చెబుతారు. శ్రీరామనవమికి అన్నసంతర్పణ జరుగుతుండగా గోపన్న కుమారుడు గంజి గుంటలో పడి మరణించాడని, తల్లిదండ్రుల మొర ఆలకించి స్వామి వెంటనే బ్రతికించాడని ఒక గాథ ఉన్నది. బిడ్డ విషయంలో క్షణమైనా ఆలస్యం చేయని స్వామి తండ్రి విషయంలో ఎన్నేళ్ళు జాగు చేశాడో ముందు తెలుస్తుంది.

సర్కారు సొమ్మును అనుమతి రాకముందే ఖర్చు చేయడం దోషమా కాదా? పురాణ కాలక్షేపాలలో ఈ ప్రశ్న నేటికీ వస్తుంది. దైవకార్యం గనుక దోషం లేదని చెప్పి దాటవేయడం నాకు సమ్మతం కాదు. పరుల ధనానికి పూచీపడినవాడు లెక్క చెప్పవలసిందే. గోపన్న లెక్క దాచలేదు. ఏ నగకు ఎన్ని వరహాలు పట్టినవో కీర్తనలోనే వరుసగా చెప్పుకొన్నాడు. తన ఇంట కూడబెట్టుకున్నది ఏమీ లేదని లోకానికి తెలుసు. అయినా ఖజానాకు చేరవలసిన ఆరు లక్షలు చేరలేదు. తానీషా ఆయనను గోల్కొండ కోటలో బంధించాడు. మేనమామల పలుకుబడి ఇక్కడ పనికిరాలేదు.

చెరలో గడిచినవి పన్నెండేళ్ళని సంప్రదాయం. తానీషా పాలనాకాలం 1672 నుండి 1687 వరకు పదిహేనేళ్ళు మాత్రమే. అంటే ఆ రాజరికంలో అధికభాగం గోపన్న చీకటి గదిలోనే ఉన్నాడన్నమాట. నేటికీ గోల్కొండ కోటలో రామదాసు బందిఖానాను చూపిస్తారు. గోడపై సీతారామలక్ష్మణుల, ఆంజనేయుని రూపాలు చెక్కి ఉన్నాయి. ఎత్తున ఉన్న చిన్న రంధ్రం నుండి కొద్దిపాటి వెలుగు పడుతుంది.

భటుల కొరడా దెబ్బలు భరించలేని వేళ గోపన్న స్వామిని నిందించాడు. ఆ నగలన్నీ ఎవరి సొమ్ముతో ధరించి కులుకుతున్నావని నిలదీశాడు. మరుక్షణం పశ్చాత్తాపపడి, దెబ్బల బాధకు నోరు జారినదే గాని మనసున తప్పు లేదని వేడుకున్నాడు. ఈ రెండు కీర్తనలనూ కలిపి పాడుకోవాలి. కొందరు గాయకులు నింద పాడి క్షమాపణ విడిచిపెడతారు. అది సగం రామదాసు మాత్రమే. సన్నిహితుడైన యజమానితోనే సేవకుడు పోట్లాడగలడు. పరాయివానితో వినయంగా మాట్లాడతాడు.

స్వామి పలుకకపోతే సీతమ్మను ఆశ్రయించాడు. ఏకాంతవేళ తన సంగతి నాథుని చెవిన వేయమని తల్లిని ప్రార్థించాడు. దీనిని మా సంప్రదాయంలో పురుషకారం అంటారు. తండ్రి కోపించినా, మరచినా, బిడ్డ పక్షాన మాట్లాడేది తల్లి. భద్రాద్రి మూలమూర్తిని ఒకసారి కన్నులు మూసుకుని తలచుకోండి. సీతమ్మ స్వామి పక్కన నిలిచి ఉండదు, ఎడమ తొడపై ఆసీనురాలై ఉంటుంది. ఆమె మెల్లగా పలికినా స్వామికి వినబడుతుంది. ఆ మూర్తిని నిత్యం సేవించినవాడు గనుకనే రామదాసుకు ఆ కీర్తన స్ఫురించింది.

ఆ మూర్తిలో మరొక విశేషం ఉన్నది. మేరుపర్వత పుత్రుడైన భద్రుడు రాముని కోసం తపస్సు చేయగా, సీతాన్వేషణ ముగించి తిరిగి వచ్చునపుడు కటాక్షిస్తానని స్వామి మాట ఇచ్చాడట. రావణవధ అయినది, పట్టాభిషేకమూ అయినది, అవతారమే ముగిసినది. భద్రుడు ఇంకా తపస్సులోనే ఉన్నాడు. అప్పుడు వైకుంఠం నుండి విష్ణువు చతుర్భుజ రామునిగా వడివడిగా దిగివచ్చాడు. ఆ తొందరలో కుడిచేత ఉండవలసిన చక్రం ఎడమచేతికి, ఎడమచేత ఉండవలసిన శంఖం కుడిచేతికి మారాయి. నేటికీ గర్భాలయంలో స్వామి అట్లాగే ఉన్నాడు. ఆలస్యంగా వచ్చాడు, వచ్చినప్పుడు మాత్రం ఆయుధాలు సరిచూసుకునే ఓపిక కూడా లేకుండా వచ్చాడు. పన్నెండేళ్ళు చెరలో ఉన్న రామదాసు భద్రుని కథ ఎరుగనివాడు కాడు.

చివరకు స్వామి వచ్చాడు. అయితే చెరసాలకు కాదు, తానీషా పడకటింటికి. రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో ఇద్దరు యువకులు అర్ధరాత్రి నవాబును లేపి, గోపన్న సేవకులమని చెప్పి, ఆరు లక్షల మొహరీలు కుప్పగా పోసి రసీదు అడిగారు. నవాబు రసీదు ఇచ్చాడు. అది నిద్రిస్తున్న రామదాసు ప్రక్కన చేరింది. తెల్లవారి రాజు స్వయంగా వచ్చి జరిగినది చెప్పినప్పుడు రామదాసుకు విడుదల సంతోషం కలుగలేదు. ఇన్నేళ్ళు పిలిచిన తనకు దర్శనం ఈయక, ఒక్కసారైనా పిలువని రాజుకు కనిపించాడే అని విలపించాడు.

ఈ ఘట్టానికి పెద్దలు పూర్వజన్మ కారణాలు చెబుతారు. రామదాసు ఒక చిలుకను పంజరంలో బంధించిన పాపమే చెరసాల అయినదని, తానీషా పూర్వం కాశీలో శివార్చన చేసి చివరి ఘడియలో ఓర్పు కోల్పోయిన భక్తుడని. వినడానికి బాగున్నవే. కాని నాకు అంతకంటే సమీపంగా తోచేది వేరు. అప్పు ఉన్నది రాజు వద్ద. తీర్చవలసిన చోటికే స్వామి వెళ్ళాడు. దాసుని మాట పోకుండా, లెక్క మిగలకుండా, రసీదుతో సహా తీర్చాడు. ఇందాక దోషమా కాదా అని అడిగిన ప్రశ్నకు స్వామి ఇచ్చిన జవాబు ఇదేనేమో. దోషం లేదని ఆయన అనలేదు. దానిని తన మీద వేసుకున్నాడు. బాకీ తీరిన రాత్రి రామదాసు హాయిగా నిద్రపోయాడు. బిడ్డ నిద్రలో ఉండగా తండ్రి చేసే పనులు బిడ్డకు కనబడవు. ఆయన దుఃఖం మాత్రం నిజమైనదే. దానిని ఈ సమాధానంతో తుడిచివేయలేము.

తానీషా ఆ ధనాన్ని తిరిగి ఇవ్వబోగా రామదాసు స్వామి స్పర్శకు గుర్తుగా రెండు నాణేలు మాత్రం స్వీకరించాడని ప్రతీతి. వాటినే రామమాడలు అంటారు. ఆపై భద్రాద్రికి తిరిగివచ్చి శేషజీవితం స్వామిసేవలో గడిపాడు. దాశరథీ శతకం, ఆయన కీర్తనలు తెలుగు భజన మండలులన్నింటికీ ఆస్తి అయ్యాయి. ఒక శతాబ్దం తరువాత తమిళసీమలో త్యాగయ్య ఆయనను నారద ప్రహ్లాదుల సరసన చేర్చి కీర్తించాడు.

అక్కన్న మాదన్నలు 1686లో హత్యకు గురయ్యారు. మరుసటి ఏడు గోల్కొండ ఔరంగజేబు వశమైనది. తానీషా దౌలతాబాదు కోటలో బందీగా దాదాపు పన్నెండేళ్ళు గడిపి అక్కడే కన్నుమూశాడు. ఆ చెరలో ఆయనకు ఆ రాత్రి గుర్తుకు వచ్చి ఉంటుందా అని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

రాజ్యం పోయినా ఆయన మొదలుపెట్టిన ఆచారం పోలేదు. ఏటా చైత్ర శుద్ధ నవమినాడు అభిజిల్లగ్నంలో జరిగే కల్యాణానికి ప్రభుత్వ పక్షాన పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు వస్తున్నాయి. ఇతర చోట్ల తలంబ్రాలు పసుపుపచ్చగా ఉంటే, భద్రాద్రిలో గులాల్ కలిపి ఎర్రగా ఉంటాయి. అది తానీషా నాటి అలవాటని చెబుతారు. దమ్మక్క పల్లెల వంటి అడవి పల్లెల నుండి నడిచి వచ్చిన భక్తులు ఆ గింజలను కొంగున ముడివేసుకుని తీసుకువెళ్తారు.