బడి నుండి శాసనమండలికి: జాషువా గారు నడిచిన దారి

ఏటా సెప్టెంబర్ 28 వచ్చిందంటే గుర్రం జాషువా గారి విగ్రహాలకు దండలు పడతాయి. నవయుగ కవిచక్రవర్తి అంటూ సభలు జరుగుతాయి. మన సంఘాల్లోనూ చాలామంది ఆయన మనవాడని గర్వంగా చెప్పుకుంటారు. అయితే ఆయన మహాకవి అని తెలిసినంతగా, ఏళ్ళ తరబడి బడిపంతులుగా పనిచేశారని, తరువాత ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలో సభ్యులయ్యారని తెలియదు. ఆ పీఠం వరకు ఆయన ఎలా చేరారో, దారిలో ఎవరెవరు తలుపులు మూశారో ఈ వారం జ్ఞాపకం చేసుకోవడం మేలని మేము తలంచాము. మూసిన తలుపుల్లో మన గుడి తలుపు కూడా ఉంది.

జాషువా గారు 1895లో గుంటూరు జిల్లా వినుకొండలో జన్మించారు. తండ్రి వీరయ్య యాదవ కులస్థులు, తల్లి లింగమ్మ మాదిగ కులస్థురాలు. ఆ రోజుల్లో అలాంటి పెళ్ళి చేసుకున్న దంపతులకు ఊరిలో ఏపాటి మర్యాద దక్కుతుందో చెప్పనవసరం లేదు. ఇల్లు క్రైస్తవ ఇల్లు. అయినా బడిలో, బజారులో ఆ పిల్లవాడికి ఎదురైన పలకరింపు కులం పేరుతోనే. 1910లో మేరీ గారితో వివాహమైంది. మిషన్ బడిలో నెలకు మూడు రూపాయల జీతం మీద ఉపాధ్యాయుడిగా చేరారు. ఆ ఉద్యోగమూ నిలవలేదు. రాజమండ్రి వెళ్ళి మూగ సినిమాలకు తెర పక్కన నిలబడి కథ చెప్పే పని చేశారు. ఆ తరువాత గుంటూరులో లూథరన్ సంఘం నడిపే ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో సుమారు పదేళ్ళు బోధించారు. 1928 నుండి 1942 వరకు అక్కడే ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా ఉన్నారు.

సంస్కృతాంధ్రాలు కొన్ని కులాల సొత్తు అనుకునే కాలంలో ఒక అంటరాని తల్లి కొడుకు ఆ పాఠాలు చెప్పడం చిన్న సంగతి కాదు. ఆ చదువు కోసం ఆయన రెండు వైపులా దెబ్బలు తిన్నారు. వినుకొండలో ఒక కవితాసభలో పద్యాలు చదివితే, తక్కువ కులంవాడిని లోపలికి ఎందుకు రానిచ్చారని పెద్దలు గొడవ చేశారు. ఇటు చూస్తే, పురాణాలు చదువుతున్నాడని, హిందూ కథలు పద్యాల్లో రాస్తున్నాడని మన మతపెద్దలు ఆక్షేపించి సంఘం నుండి వెలివేశారు. కులం కారణంగా అక్కడ గెంటివేత, చదువు కారణంగా ఇక్కడ గెంటివేత. తరువాతి జీవితంలో ఆయన ఏ మత చట్రంలోనూ ఇమడలేదంటే, మనం ఆశ్చర్యపోవడానికి లేదు.

పండితులుగా పనిచేస్తున్న రోజుల్లోనే, 1941లో, గబ్బిలం వెలువడింది. గుడిలోకి అడుగుపెట్టనివ్వని పేదవాడు తన మొర కాశీ విశ్వేశ్వరుడికి చేరవేయమని గబ్బిలాన్ని వేడుకోవడమే దాని కథ. మనిషికి లేని ప్రవేశం ఆ జీవికి ఉంది కదా! అప్పటికి ఆయనకు ఏ చట్టసభతోనూ సంబంధం లేదు. అయినా అంటరానితనం మీద ఒక పెద్ద మహజరును తెలుగు సమాజం ముందు పెట్టినట్టే అయింది. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారు తమ చేతులతో ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. ఆ రోజుల్లో అది ఎంత సాహసమో అప్పటి సమాజం తెలిసినవారికే అర్థమవుతుంది.

ఇక రాజకీయ ప్రవేశం. స్వాతంత్ర్యం వచ్చాక కూడా దళితులకు చట్టసభల్లో రిజర్వుడు స్థానాలు కొనసాగాయి. కానీ 1950లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ మతంలో ఉన్నవారినే షెడ్యూల్డు కులస్థులుగా గుర్తిస్తారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను నేటికీ చేర్చలేదు. అంటే అంటరానితనం గురించి తెలుగులో అందరికంటే గట్టిగా మాట్లాడిన కవి, క్రైస్తవుడిగా ఒక్క రిజర్వుడు స్థానంలోనూ నామినేషన్ వేయలేడు. ఊరు మాత్రం ఆయన కులాన్ని ఏనాడూ మరువలేదు, కాగితమే మరిచింది.

ఆంధ్రప్రదేశ్ శాసనమండలి 1958లో ఏర్పడింది. రాజ్యాంగంలోని 171వ అధికరణం ప్రకారం మండలిలో పన్నెండో వంతు మందిని ఉపాధ్యాయులు ఎన్నుకుంటారు. ఆ ఓటు ఉన్నత పాఠశాల స్థాయికి తగ్గని ఉపాధ్యాయులకే. సుమారు ఆరో వంతు మందిని సాహిత్యం, కళలు, విజ్ఞానం, సహకారోద్యమం, సమాజసేవల్లో అనుభవజ్ఞుల నుండి గవర్నరు నియమిస్తారు. జాషువా గారు 1964లో ఈ దారిన సభ్యులయ్యారు. ఓట్లు అడగలేదు, ముఠా కట్టలేదు, మంత్రి కాలేదు. ఒకనాడు సభలోకి ఎందుకు రానిచ్చారని అడిగించుకున్న మనిషికి రాష్ట్రమే సభలో పీఠం వేసింది.

అదే 1964 సంవత్సరానికి ఆయన క్రీస్తుచరిత్ర కావ్యానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. సంఘం వెలివేసిన మనిషి ప్రభువు జీవితాన్ని తెలుగు పద్యంలో పాడి దేశం మన్నన పొందారు. 1970లో పద్మభూషణ్, ఆంధ్ర విశ్వవిద్యాలయం వారి కళాప్రపూర్ణ వచ్చాయి. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు.

పదవి ఆయనతో ముగిసినా పని ముగియలేదు. కుమార్తె హేమలత, నాస్తికోద్యమ నాయకులు గోరా గారి కుమారుడు లవణంను కులాంతర వివాహం చేసుకున్నారు. ఆ దంపతులు స్టూవర్టుపురంలో నేరస్థులని ముద్రపడిన కుటుంబాల మధ్య పనిచేశారు. జోగినుల విముక్తికి పోరాడారు. ఆడపిల్లలను దేవుడి పేర అంకితం చేయడాన్ని నిషేధిస్తూ 1988లో రాష్ట్ర శాసనసభ చట్టం చేసింది. తండ్రి పద్యంలో పెట్టిన మొర, కుమార్తె కృషిలో చట్టం వరకు సాగింది.

దళిత క్రైస్తవుల హక్కు మాత్రం ఇంకా వాకిట్లోనే నిలిచి ఉంది. 1970లో రాష్ట్రం వారిని వెనుకబడిన తరగతుల్లో సి వర్గంగా చేర్చి ఒక శాతం కేటాయించింది. షెడ్యూల్డు కులాల హోదా ఇవ్వాలని 2009లోను, 2023లోను ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానించింది. ఆ రెండుసార్లూ ముఖ్యమంత్రులు కడప జిల్లా పులివెందుల నుండి ఎన్నికైనవారే. అయినా నిర్ణయం కేంద్రం చేతిలో ఉంది. వేముల మండలంలో కూలికి వెళ్ళే విశ్వాసి నుండి వినుకొండ విశ్వాసి వరకు, కులధ్రువపత్రం కోసం తహశీల్దారు కార్యాలయానికి వెళ్ళినప్పుడు నేటికీ అదే ప్రశ్న ఎదురవుతుంది.

ప్రభుత్వాన్ని అడగవలసింది అడుగుదాం. దానితోపాటు మనల్ని మనం కూడా పరీక్షించుకుందాం. సమాధుల తోటలో కులం గీతలు గీసే సంఘాలు మన మధ్య లేవా? ప్రశ్నించే యువకుడిని, ఇతర గ్రంథాలు చదివే ఉపాధ్యాయుడిని అనుమానంగా చూసే పెద్దలు లేరా? క్రీస్తు ప్రభువు సమరయ స్త్రీ దగ్గర నీళ్ళడిగారు, సుంకరి ఇంట భోజనానికి కూర్చున్నారు. ఆ ప్రభువు చరిత్ర రాసిన కవికి దండ వేసే ముందు, ఆయన వంటివారు నేడు మన గుమ్మం ఎక్కితే ముందు వరుసలో చోటిస్తామో లేదో ప్రతి సంఘం ప్రార్థనాపూర్వకంగా తేల్చుకోవాలని కోరుతున్నాము.