కలంకారీకి ఊపిరి పోసిన కమలాదేవి

వస్త్రం శరీరాన్ని కప్పే సాధనం మాత్రమే కాదు. అది ఒక జాతి సౌందర్యదృష్టికి, శ్రమశక్తికి, శాస్త్రజ్ఞానానికి నిలువెత్తు నిదర్శనం. తెలుగునేల వస్త్రకళలకు పుట్టినిల్లు. పొందూరు ఖద్దరు, పోచంపల్లి చిటికి నేత, మచిలీపట్నం అద్దకం, శ్రీకాళహస్తి వ్రాతపని మన చేతివృత్తుల కీర్తిని దేశదేశాలకు చాటాయి. 17వ శతాబ్దంలో మచిలీపట్నం రేవు నుండి ఓడలకెక్కిన రంగుబట్టలు పర్షియాను, ఐరోపాను ముగ్ధం చేశాయి. ఆ బట్టల ధాటికి తమ నేతగాళ్లు నిలువలేరని భయపడి ఫ్రాన్సు 1686లో అద్దకపు నూలుబట్టలను నిషేధించింది. 1721లో ఇంగ్లండు కూడా అటువంటి బట్టల వాడకాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది.

అంతటి కళ ఇరవయ్యో శతాబ్ది నడుమకు వచ్చేసరికి కొడిగట్టిన దీపమైంది. మరబట్టలు అంగళ్లను ముంచెత్తాయి. రసాయనపు రంగులు చెట్ల వేళ్ల నుండి, బెరళ్ల నుండి తీసే రంగుల స్థానాన్ని ఆక్రమించాయి. శ్రీకాళహస్తిలో వ్రాతపని తెలిసినవారు కొద్దిమందే మిగిలారు. ఆ విద్య గ్రంథాలలో లేదు. పెద్దల చేతివేళ్లలో ఉంది. వారు కన్నుమూస్తే విద్య కూడా వారితోనే అంతరించవలసిందే. ఆ ఆపదను గుర్తించి, ఆ కళను కాపాడటానికి పూనుకున్న మహనీయురాలు కమలాదేవి చటోపాధ్యాయ.

కమలాదేవి 1903 ఏప్రిల్ 3న మంగుళూరులో జన్మించారు. ఏడేళ్ల వయస్సులోనే తండ్రిని కోల్పోయారు. తల్లి గిరిజాబాయి విద్యావంతురాలు, స్వాభిమానం గల స్త్రీ. తండ్రి ఆస్తి సవతి కుమారునికి చెందినా ఆమె అధైర్యపడక కుమార్తెను చదివించారు. ఆనాటి ఆచారం ప్రకారం కమలాదేవికి బాల్యంలోనే వివాహం జరిగింది. రెండేళ్లయినా నిండకముందే వైధవ్యం ప్రాప్తించింది. వితంతువు ఇల్లు దాటడమే తప్పుగా ఎంచే ఆ రోజుల్లో ఆమె మద్రాసు క్వీన్ మేరీస్ కళాశాలలో చేరారు. అక్కడ సుహాసిని చటోపాధ్యాయతో స్నేహం కుదిరింది. సుహాసిని సోదరుడు, కవి, నటుడు హరీంద్రనాథ్‌తో కమలాదేవి వివాహం జరిగింది. హరీంద్రనాథ్ హైదరాబాదులో పుట్టి పెరిగినవారు. నిజాం కళాశాల తొలి ప్రిన్సిపాలు అఘోరనాథ చటోపాధ్యాయ కుమారుడు, సరోజినీ నాయుడు తమ్ముడు. లోకనిందకు వెరవక చేసుకున్న ఈ పునర్వివాహం ఆమె ధీరత్వానికి తొలి తార్కాణం. తరువాతి కాలంలో దంపతులు విడిపోయినా ఆమె కార్యదీక్ష సడలలేదు.

ఉన్నతవిద్య కోసం కమలాదేవి లండన్ వెళ్లి బెడ్‌ఫర్డ్ కళాశాలలో సామాజికశాస్త్రం అభ్యసించారు. సహాయనిరాకరణోద్యమ వార్త విని 1923లో స్వదేశానికి తిరిగి వచ్చారు. 1926లో మద్రాసు శాసనసభ ఎన్నికలలో పోటీచేసి స్వల్ప తేడాతో ఓడిపోయారు. 1930లో ఉప్పుసత్యాగ్రహంలో స్త్రీలకు కూడా స్థానం కల్పించాలని గాంధీజీని ఒప్పించి, తాను స్వయంగా పాల్గొని జైలుకు వెళ్లారు. ఖాదీ ఉద్యమం ఆమెకు ఒక సత్యాన్ని బోధించింది. చేతిపని నశిస్తే ఒక వస్తువు మాత్రమే మాయం కాదు. ఒక కుటుంబపు కూడు, గౌరవం, తరాల అనుభవం కూడా మాయమవుతాయి.

స్వాతంత్ర్యానంతరం పదవుల వైపు చూడక ఆమె చేతివృత్తుల వైపు నడిచారు. 1952లో ఏర్పడిన అఖిలభారత హస్తకళల మండలికి అధ్యక్షురాలై సుమారు రెండు దశాబ్దాలు దేశమంతటా తిరిగారు. మారుమూల పల్లెలలోని పనివారిని వెదకి పలకరించారు. ఆ కృషిలో భాగంగానే 1950ల చివరి సంవత్సరాలలో శ్రీకాళహస్తిలో కలంకారీ శిక్షణకేంద్రం వెలసింది. పెద్దతరానికి చెందిన కళాకారుడు జొన్నలగడ్డ లక్ష్మయ్య అక్కడ గురువుగా యువకులకు విద్య నేర్పారు.

ఆ శిక్షణలోని విశేషాన్ని గ్రహించాలంటే కలంకారీలోని శాస్త్రాన్ని తెలుసుకోవాలి. ముందుగా నూలుబట్టను కరక్కాయ రసం, గేదెపాలు కలిపిన ద్రవంలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల గీసిన గీత బట్టపై పాకిపోదు. వెదురుపుల్ల చివర ఉన్ని చుట్టి నూలుతో బిగిస్తే అదే కలం. చింతబొగ్గుతో రూపరేఖలు దిద్ది, ఆపై కలంతో నల్లగీతలు గీస్తారు. ఇనుపతుప్పు, బెల్లం, నీళ్లు కొన్ని వారాలు పులియబెట్టి చేసిన ‘కసిమి’యే ఆ నలుపు. అది కరక్కాయ రసం పట్టిన బట్టను తాకగానే నల్లబడుతుంది. ఎరుపు రావలసినచోట పటికనీళ్లు పూసి, బట్టను పారేనీటిలో ఉతికి, మంజిష్ఠ, చిరివేరు వంటి వాటితో ఉడికిస్తారు. పటిక పూసినచోటనే ఎరుపు నిలుస్తుంది. పసుపుకు కరక్కాయ పువ్వు, నీలానికి నీలిమందు వాడతారు.

ఇందులో ప్రతి మెట్టూ ఒక ప్రయోగమే. పటిక తగ్గితే ఎరుపు వెలవెలబోతుంది. కసిమి సరిగా పులియకపోతే గీత గోధుమరంగుకు తిరుగుతుంది. పూసిన పటికలో మిగులు కొట్టుకుపోవడానికి స్వర్ణముఖి ప్రవాహం కావాలి. నిలవనీటిలో ఉతికితే అది పక్కలకు పాకి మచ్చలు పడతాయి. పాళ్లు నోటిమాటతో చెప్పగలిగినా, రంగు ఎప్పుడు పక్వానికి వచ్చిందో విద్యార్థి తన కంటితో, ముక్కుతో, చేతితో తెలుసుకోవలసిందే. చెడిన బట్టే అతనికి తొలి పాఠ్యపుస్తకం. గురువు ఎదుట పదేపదే చేసి చూసినప్పుడే విద్య ఒక తరం నుండి మరొక తరానికి దాటుతుంది. శిక్షణకేంద్రం సాధించిన మేలు ఇదే.

అయితే కళను బ్రతికించడమంటే పాతదాన్ని పెట్టెలో దాచడం కాదు. పూర్వం దేవాలయాలలో వ్రేలాడదీసే రామాయణ, భారత కథాచిత్రాల తెరలే వ్రాతపనికి ఆధారం. వాటిని కొనేవారు తగ్గినప్పుడు కొత్త ఉపయోగాలు వెదకక తప్పదు. క్రమంగా చీరలపై, గోడతెరలపై, ఇంటి అలంకరణ వస్త్రాలపై కలంకారీ వెలిసింది. మరోవైపు, గిరాకీ పెరిగిన కొద్దీ చేతిగీతను వదలి యంత్రపు ముద్రతో సరిపెట్టే ప్రలోభమూ పెరిగింది. అందుకే వస్తువు ఏదైనా కావచ్చు గాని పద్ధతిలోని నిజాయితీ చెడరాదన్న విచక్షణ కళాకారునికి అవసరమైంది. పనివానికి గౌరవం దక్కితేనే ఆ నిజాయితీ నిలుస్తుంది. ప్రవీణులైన హస్తకళాకారులకు జాతీయ పురస్కారాలిచ్చే సంప్రదాయం 1965లో మొదలైంది. లక్ష్మయ్య కుమారుడు గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ లభించడం ఆ గురుపరంపరకు దక్కిన గౌరవం.

కమలాదేవి 1955లో పద్మభూషణ్, 1966లో రామన్ మెగసెసే పురస్కారం, 1987లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 1988 అక్టోబరు 29న ముంబయిలో కన్నుమూశారు. ఆమె స్వయంగా కలం పట్టి బట్టపై బొమ్మ గీసిన కళాకారిణి కాదు. కాని వేలాది చేతులలోని కలాలు, మగ్గాలు ఆగిపోకుండా చూసిన దీక్షాపరురాలు.

నేడు హైదరాబాదులో వస్త్రరూపకల్పన చదివే విద్యార్థులు నాగోలు, ఎల్.బి.నగర్ దాటి తూర్పుకు సాగితే పోచంపల్లి మగ్గాల చప్పుడు వినవచ్చు. దక్షిణానికి పయనిస్తే శ్రీకాళహస్తి కలం నడకను చూడవచ్చు. కంప్యూటరు తెరమీద క్షణంలో మారే రంగు, బట్టమీద నిలవడానికి రోజులు పడుతుందని అక్కడే బోధపడుతుంది. ఆ ఓపికను అలవరచుకొని, ఆ చేతులను గౌరవించి, వాటితో కలిసి కొత్త ప్రయోగాలు చేయడమే కమలాదేవికి యువతరం అర్పించగల నిజమైన నివాళి.