అంబేడ్కర్ తూకంలో పోలీసు, పాలకుడు

పోలీసు తుపాకీ పేలిన ప్రతిసారీ మన రాజకీయ చర్చ రెండుగా చీలుతుంది. గద్దె మీద మన పక్షం ఉంటే పోలీసులు కర్తవ్యం నెరవేర్చారంటాం. ఎదుటి పక్షం ఉంటే హంతకులంటాం. ఈ రెండు తీర్పుల్లోనూ ఆ రోజు అక్కడ ఏం జరిగిందన్న విచారణ ఉండదు. పోలీసును చట్టంతో, పాలకుణ్ణి అనుమానంతో చూడాలని తన ఆచరణతో నేర్పినవాడు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్. ఆయన జీవితాన్ని ఈ కోణంలో చదివే అలవాటు మనకు తక్కువ.

1891 ఏప్రిల్ 14న మవ్ కంటోన్మెంటులో సుబేదార్ రాంజీ సక్పాల్ ఇంట పుట్టిన అంబేడ్కర్‌కు యూనిఫాం పరాయిది కాదు. తండ్రి తరానికి గౌరవాన్నిచ్చిన సైన్యం, ఆ తర్వాత మహర్లకు తలుపులు మూసింది. గ్రామంలో మాత్రం మహర్లు వతన్ పేరిట పాటిల్ కింద ప్రభుత్వ చాకిరీ చేస్తూనే ఉన్నారు. కబురు మోయడం, కావలి కాయడం వారి పని. పోలీసు కొలువు మాత్రం వారికి అందని మాట. 1928లో అంబేడ్కర్ వతన్ చట్ట సవరణ బిల్లును బొంబాయి శాసనమండలిలో ప్రవేశపెట్టారు. అదే ఏడాది సైమన్ కమిషన్‌కు బహిష్కృత హితకారిణి సభ ఇచ్చిన వినతిపత్రం సైన్యం, నౌకాదళం, పోలీసు శాఖల్లో అణగారిన కులాలకు ప్రవేశం కోరింది. పోలీసు వ్యవస్థను ద్వేషించేవాడు అందులో తనవారికి స్థానం అడగడు. అది ఏ కులాల చేతుల్లో ఉందో తెలిసినవాడే ఆ కోరిక కోరతాడు.

అంతకు ఏడాది ముందే మహద్ ఈ పాఠం నేర్పింది. ప్రభుత్వ స్థలాలు అందరివీ అని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. మరుసటి ఏడాది మహద్ పురపాలక సంఘం చవదార్ చెరువును అందరికీ తెరిచింది. కాగితం మీది ఆ హక్కును 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలాది మందితో కలిసి నీళ్లు తాగి నిజం చేశారు. వెంటనే సవర్ణుల గుంపులు దాడికి దిగాయి. తన దగ్గరకు వచ్చిన పోలీసు అధికారికి ఆయన పని విభజించి చెప్పారు: మావారిని నేను అదుపు చేస్తాను, అవతలివారిని మీరు చేయండి. ప్రతీకారానికి సిద్ధమైన అనుచరులను నిజంగానే ఆపారు. ఆ జూన్‌లో దాడి చేసినవారిలో ఐదుగురికి నాలుగు నెలల కఠిన శిక్ష పడింది. జిల్లా ఉన్నతాధికారులు హిందువులు కాకపోవడం వల్లనే ఈ న్యాయం దక్కిందని అంబేడ్కర్ నిర్మొహమాటంగా అన్నారు. దక్కిన న్యాయాన్ని ఆయన కాదనలేదు, అది దేని మీద ఆధారపడి ఉందో మరచిపోనూ లేదు.

అసలు పరీక్ష పదేళ్ల తర్వాత వచ్చింది. 1937లో బొంబాయి రాష్ట్రంలో బి.జి. ఖేర్ నాయకత్వాన కాంగ్రెస్ మంత్రివర్గం ఏర్పడింది. హోం శాఖ కె.ఎం. మున్షీది. కార్మికుల సమ్మె హక్కును కుదించే పారిశ్రామిక వివాదాల బిల్లుకు వ్యతిరేకంగా 1938 నవంబర్ 7న అంబేడ్కర్ ఇండిపెండెంట్ లేబర్ పార్టీ, కమ్యూనిస్టులు కలిసి సమ్మె జరిపారు. పోలీసులు కాల్పులు జరిపారు. దానిపై వేసిన విచారణ సంఘం నివేదిక మరుసటి ఏడాది శాసనసభ ముందుకు వచ్చినప్పుడు అంబేడ్కర్ శాంతిభద్రతల అవసరాన్ని తోసిపుచ్చలేదు. స్వేచ్ఛను బలిపెట్టి సాధించే శాంతిని మాత్రం అంగీకరించలేదు. మన మంత్రి మన ప్రజలనే కాల్పించగలగడం, మన పార్టీవాడని మిగిలినవారు వెనకేసుకురావడం, స్వపరిపాలన ఇచ్చేది ఇదే అయితే అది శాపమేనన్నారు. కాల్పులు జరిపింది తెల్లదొరల ప్రభుత్వం కాదు, ప్రజలు ఎన్నుకున్న మంత్రివర్గం. అందుకే ఆయన చూపు తుపాకీ పట్టిన చేతి దగ్గర ఆగకుండా ఆ చేతికి రక్షణగా నిలిచిన కుర్చీ దాకా వెళ్లింది.

ఆ అనుమానమే రాజ్యాంగంలోకి వచ్చింది. 1949 సెప్టెంబర్‌లో ఆయన ప్రతిపాదించిన నిబంధన నేటి 22వ అధికరణం. అరెస్టుకు కారణం చెప్పాలి, న్యాయవాదిని కలవనివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ముందస్తు నిర్బంధానికీ అందులోనే చోటు దక్కడం ఆనాటి రాజీ. అయినా ఆ 24 గంటల గీత పోలీసుకు శత్రువు కాదు. చట్టం ప్రకారం నడిచే పోలీసుకు అదే రక్షణ. నవంబర్ 25న చేసిన ముగింపు ప్రసంగంలో, ఎంత గొప్ప నాయకుడి పాదాల వద్దనైనా స్వేచ్ఛను సమర్పించవద్దని హెచ్చరించారు. 1956 డిసెంబర్ 6న ఢిల్లీలో కన్నుమూశారు.

యాదృచ్ఛికమే కావచ్చు, 2019లో అదే డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసులపై పూలు చల్లారు. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో అప్పటి ముఖ్యమంత్రి పొరుగు ప్రభుత్వాన్ని, పోలీసులను అభినందించారు. 2022లో సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ పోలీసుల కథనాన్ని తోసిపుచ్చి, పదిమంది సిబ్బందిపై హత్యానేరం కింద విచారణ జరగాలని సూచించింది. పూలు చల్లిన రోజు ప్రశంసలో పాలకులకూ వాటా దక్కింది. హత్యానేరం మాట వచ్చిన రోజు మిగిలింది ఆ పదిమందే.

ఆ పదిమందికీ న్యాయస్థానంలో తమ వాదన వినిపించుకునే హక్కుంది. చనిపోయిన నలుగురికి దక్కనిది ఆ హక్కే. పోలీసు పట్ల న్యాయంగా ఉండడమంటే అతనికి పూలదండ వేయడమో, రాయి విసరడమో కాదు. అతని చర్యను చట్టం ముందు నిలబెట్టడం, అతని వెనుక నిలిచినవారు ఎవరని అడగడం. ఆ రెండో ప్రశ్నను, అధికారంలో ఉన్నది మనవారే అయిన రోజు కూడా అడగగలిగినప్పుడే అంబేడ్కర్ పేరు చెప్పుకునే అర్హత మనకు ఉంటుంది.