ఆ గొంతు పనికిరాదన్నారు! ఘంటసాల గారి భగవద్గీత వెనక కథ



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్... మన తెలుగు ఊరు ఏదైనా సరే, వైకుంఠ రథం వెళ్తుంటే మైకులో వినిపించేది ఘంటసాల గారి భగవద్గీతే. అందుకే పొద్దున్నే ఇంట్లో అది పెడితే కొంతమంది పెద్దవాళ్ళు కంగారుపడి ఆపేయమంటారు. కానీ ఆ రికార్డు ఎలా పుట్టిందో తెలిస్తే ఎవరికీ ఆపాలనిపించదు.

ఘంటసాల వెంకటేశ్వరరావు గారు 1922 డిసెంబర్ 4న కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టారు. నాన్న సూరయ్య గారు భజనల్లో తరంగాలు పాడేవారు. కొడుకుని భుజం మీద ఎక్కించుకుని తీసుకెళ్ళేవారు. చిన్నప్పుడే నాన్న పోయారు. పోయేముందు ఆయన కోరిక ఒక్కటే, కొడుకు సంగీతం నేర్చుకోవాలి.

ఆ ఒక్క మాట పట్టుకుని విజయనగరం చేరాడు ఆ కుర్రాడు. పట్రాయని సీతారామశాస్త్రి గారు పైసా తీసుకోకుండా పాఠం చెప్పారు. తిండికి మాత్రం మధుకరమే, అంటే జోలె పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం. తర్వాత 1942 ఉద్యమంలో జైలుకి కూడా వెళ్ళారు.

మద్రాసు చేరాక పెద్ద దెబ్బ తగిలింది. హెచ్‌ఎంవీ రికార్డింగ్ కంపెనీలో గొంతు పనికిరాదని తిప్పి పంపేసారు! అదే కంపెనీలో పనిచేస్తున్న పేకేటి శివరాం గారికి మాత్రం ఆ గొంతు నచ్చింది. పట్టుబట్టి పాట రికార్డు చేయించారు. ఆ శివరాం గారే తర్వాత నటుడిగా పేరు తెచ్చుకున్నారు.

అప్పటి రికార్డింగ్ అంటే మాటలు కాదు. ఎడిటింగ్ లేదు, ట్రాకులు లేవు. రికార్డుకి ఒక్కో వైపు సుమారు 3 నిమిషాలే. ఎవరి చప్పుడు ఎంత వినపడాలో చూసి ఇంజనీరు ఒక్కొక్కరినీ మైకుకి దగ్గరగానో దూరంగానో కూర్చోబెట్టేవాడు. చివర్లో తబలా ఒక్క దెబ్బ తప్పినా మళ్ళీ మొదటినుంచి పాడాల్సిందే. సినిమాలతో సంబంధం లేని ఇలాంటి ప్రైవేటు రికార్డుల ద్వారానే కరుణశ్రీ గారి పుష్పవిలాపం పద్యాలు ఇంటింటికీ చేరాయి.

1970లో పద్మశ్రీ వచ్చింది. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా గుండెనొప్పి వచ్చింది. అప్పటికే షుగర్ ఉంది. అయినా మనసులో ఒకటే పట్టుదల, గీత పూర్తి చెయ్యాలి. 700 శ్లోకాల్లో సుమారు నూరు ఎంచుకుని, సంగీతం తనే సమకూర్చి, ప్రతి శ్లోకం తర్వాత తెలుగు తాత్పర్యం కూడా తనే చెప్పారు. సంస్కృతం రాని అమ్మమ్మకి కూడా అర్థం కావాలని కదా!

ఆ రికార్డు బయటికి రాకముందే, 1974 ఫిబ్రవరి 11న ఆయన వెళ్ళిపోయారు. వయసు 51. జనం చేతికి అది ఆయన పోయాకే అందింది.

ఒక్కసారి ఆలోచించండి. గీత చెప్పింది చనిపోయినవాళ్ళకి కాదు, యుద్ధం ముందు చేతులు వణికిన అర్జునుడికి. పాడినవాడు కూడా ఒంట్లో ఓపిక లేకపోయినా ఫలితం చూసుకోకుండా పని పూర్తిచేసి వెళ్ళినవాడే. కర్మయోగం అంటే ఇంతకన్నా ఏం కావాలి?

రేపు పొద్దున కాఫీ తాగుతూ ఒక్క పది నిమిషాలు పెట్టుకోండి. ఇంట్లో ఎవరైనా ఆపమంటే ఈ కథ చెప్పండి.

జై శ్రీకృష్ణ!