డాక్టరు విలియం కింగు

సికింద్రాబాదు నుండి విజయవాడకు పోవు రైలుమార్గము జనగామ, కాజీపేట, మహబూబాబాదుల మీదుగా సాగును. డోర్నకల్లు వద్ద దానినుండి ఒక శాఖ బొగ్గుగనుల సీమకు చీలును. ఆ సీమలోని సింగరేణి గ్రామము పేరు ఎఱుగని తెలుగువారు లేరు. అచ్చటి బొగ్గును శాస్త్రదృష్టితో పరిశీలించి నిర్ధారించిన మహనీయుడు డాక్టరు విలియం కింగు.

ఆయన తండ్రి పేరును విలియం కింగే. ఆ పండితుడు ఐర్లండులోని గాల్వే కళాశాలలో భూగర్భశాస్త్రాచార్యుడు. నియాండర్తల్ మానవునికి 1864లో శాస్త్రీయనామ మొసగినవాడు ఆయనయే. కుమారుడు 1857లో భారత భూగర్భ పరిశోధన శాఖలో చేరి, మన దక్షిణదేశమున పర్వతములు, ఏటిగట్టులు గాలించెను. కడప, కర్నూలు శిలలను గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము 1872లో వెలువడెను.

1871లో ఇల్లెందు సమీపమున బొగ్గు కలదని కింగు నిర్ధారించెను. పిదప ప్రాణహిత, గోదావరుల లోయను పరిశీలించి 1881లో మఱియొక గ్రంథము ప్రకటించెను. భూగర్భశాస్త్రజ్ఞుని పని ఓర్పుతో కూడినది. ఏ శిల ఏ పొరపై నున్నది, ఎంత మందమున్నది, ఎటు వాలినది అని కొలిచి, కొలమానముతో సహా పటము గీయవలెను.

ధనాశకు అంత ఓర్పు లేదు. వయనాడు కొండల బంగారమును గూర్చి కింగు 1875లో ప్రాథమిక నివేదిక వ్రాసెను. కొలది యేండ్లకే ఆ బంగారము పేర లండనులో పెక్కు కంపెనీలు పుట్టెను. వాని మూలధనము 40 లక్షల పౌన్లకు మించెను. నేలలో బంగారము స్వల్పము. కంపెనీలు కూలెను, మదుపరుల ధనము మట్టిపాలయ్యెను.

బొగ్గు విషయమునను ఇట్టి వింతయే జరిగెను. 1886లో నిజాము రాజ్యపు గనుల హక్కులు పొంది లండనులో హైదరాబాదు దక్కను కంపెనీ ఏర్పడెను. మూలధనము 10 లక్షల పౌన్లు. వాటాలు, అనగా షేర్లు, లక్ష. అందు 85 వేలు హక్కులు సంపాదించినవారికే రొక్కము లేకుండ దక్కెను. విపణిలో తిరుగు వాటాలు కొద్దియైనచో, కొద్దిపాటి క్రయవిక్రయములతోనే ధర పెంచవచ్చును. నిజాము ప్రభుత్వోద్యోగి అబ్దుల్ హక్కు ప్రభుత్వము పక్షమున వాటాలు కొనెను. అవి ఆయన సొంత వాటాలేయని పిదప బయటపడెను. 1888లో బ్రిటిషు కామన్సు సభ సంఘము ఈ వ్యవహారమును విచారించెను. అబ్దుల్ హక్కు పదవి కోల్పోయెను.

ఇచట బాలబాలికలు ఒక సంగతి గ్రహింపవలెను. ఒక వాటా ధర 10 పౌన్ల నుండి 12 పౌన్లకు పెరిగినదనుకొందము. గ్రాఫు కాగితపు అడుగున 10 అని గుర్తించి, కొసన 12 అని గుర్తించినచో రేఖ అడుగు నుండి ఆకాశమునకు ఎగసినట్లు కానవచ్చును. అడుగున సున్న పెట్టి గీచినచో ఆ రేఖయే కొంచెము మాత్రము లేచును. ధర ఒకటే, చూపు విధము వేఱు. పైగా ఆ రేఖ యెంత యెగసినను నేలలోని బొగ్గు ఒక్క అంగుళమైన పెరుగదు, పడినను తరుగదు.

కింగు 1887లో తన శాఖకు అధ్యక్షుడై 1894 వఱకు సేవ చేసెను. 1889లో ఇల్లెందున త్రవ్వకములు సాగెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. నేడు భూపాలపల్లిలోని కాకతీయ గనులును ఆ సంస్థవే. ఒక ముఖ్యమైన బొగ్గుపొర కింగు పేరనే పిలువబడుచున్నది.

పుకార్లపై పెరిగిన ధరలు పుకార్లతోనే పోయెను. కింగు కొలిచి చూపిన బొగ్గు మాత్రము తరతరములకు వెలుగు నిచ్చెను. ఎగబ్రాకు రేఖను చూచి మురియుటకు ముందు, దాని అడుగు ఎచ్చట మొదలైనదో, దాని క్రింద నేలలో నిజముగా ఏమున్నదో విచారించువాడే వివేకి.