పలుగురాతి దారం తీసిన బాయ్స్

భౌతికశాస్త్ర పాఠ్యగ్రంథాలలో విశ్వ గురుత్వ స్థిరాంకాన్ని కొలిచే ప్రకరణం కింద కావెండిష్ పద్ధతి, బాయ్స్ పద్ధతి అని రెండు శీర్షికలు కనిపిస్తాయి. మన విద్యార్థులు పరీక్షకు ముందు రాత్రి ఆ పటం గీసి, భాగాలకు పేర్లు రాసి, మార్కులు తెచ్చుకొని మరచిపోతారు. మేము బోధించేది తెలుగు. అయినా ఆ రెండవ శీర్షిక వెనుకనున్న మనిషి కథ చెప్పాలన్న కోరిక మాకు కొంతకాలంగా ఉన్నది. అందుకు కారణం మన తీరపు ఇసుక.

గూడూరు ప్రాంతాన చిల్లకూరు, కోట పరిసరాలలో తెల్లని ఇసుక నేలలున్నవి. ఆ ఇసుకలో అత్యధిక భాగం సిలికా. గాజు పరిశ్రమకు కావలసిన ముడిసరుకు అదే. ఆ సీమలోనే అభ్రకపు గనులలో అభ్రకంతోపాటు బయటపడే పలుగురాళ్లు కూడా సిలికాయే. తెప్పలు పోయి నేడు మన తీరమంతా కనిపించే ఫైబర్ పడవలు, గాజును కరిగించి తీసిన సన్నని పోగులను జిగురు రసాయనంతో గట్టిపరచి చేసినవి. గాజును పోగుగా సాగదీయడం ప్రాచీన విద్యయే. కాని అచ్చమైన పలుగును కరిగించి, కంటికి ఆనని దారం తీసి, దానిని శాస్త్రానికి సాధనంగా చేసినవాడు చార్లెస్ వెర్నన్ బాయ్స్.

ఆయన 1855 మార్చి 15న ఇంగ్లండులో రట్లండ్ ప్రాంతపు వింగ్ అనే గ్రామంలో, ఒక మతాచార్యుని ఇంట జన్మించాడు. మార్ల్‌బరో కళాశాలలోను, తరువాత లండన్‌లోని రాయల్ స్కూల్ ఆఫ్ మైన్స్‌లోను చదివాడు. చదివినది గనుల విద్య, మనసు పోయినది పరికరాల మీదికి. ఉన్నత గణితాన్ని చాలావరకు స్వయంకృషితోనే నేర్చుకున్నాడు. కొద్దికాలం బొగ్గు గనుల పనిలో ఉండి, గురువైన ఫ్రెడరిక్ గత్రీ పిలుపుతో తిరిగి లండన్ చేరి, ప్రయోగశాలలో చిన్న ఉద్యోగంలో కుదిరాడు.

అధ్యాపకునిగా ఆయనకు మంచి పేరు రాలేదు. ఆయన తరగతిలో కూర్చున్నవారిలో హెచ్.జి. వెల్స్ ఒకడు. ఆ రచయిత 1934లో వెలువడిన స్వీయచరిత్రలో తన గురువు బోధనను ఏమాత్రం మెచ్చుకోలేదు. పాఠం తొందరగా ముగించి తన పరికరాల గదికి పరుగెత్తే ఉపాధ్యాయుణ్ణి ఏ విద్యార్థి మెచ్చుకుంటాడు? అయితే ఆయనే 1889-90లో బాలబాలికలకు సబ్బు బుడగల మీద ఇచ్చిన ఉపన్యాసాలు పుస్తకరూపం దాల్చి, తరతరాల పిల్లలను అలరించాయి. తప్పు ఎవరిదో మేము తేల్చలేము. మేమూ ఆ వృత్తిలోనివారమే.

ఇక అసలు సంగతి. అత్యల్పమైన బలాన్ని కొలవాలంటే ఒక కడ్డీని దారానికి వేలాడదీసి, ఆ దారం ఎంత మెలి తిరిగిందో చూడాలి. దారం మందం సగమైతే మెలికి అది చూపే నిరోధం పదహారవ వంతుకు దిగుతుంది. బరువు మోసే శక్తి మాత్రం నాలుగవ వంతుకే తగ్గుతుంది. కనుక ఎంత సన్నని దారమైతే అంత మేలు. పట్టుదారం తేమకు మారిపోతుంది. గాజు పోగును ఒకసారి మెలిపెడితే మళ్లీ సరిగా మొదటి చోటికి రాదు. బాయ్స్ ఇవన్నీ పరీక్షించి విసిగి, చివరకు పలుగు వైపు తిరిగాడు.

పలుగు మామూలు కొలిమికి లొంగదు. సోడా, సున్నం కలిసిన గాజు అంతకంటె ఎంతో తక్కువ వేడికే కరుగుతుంది; పలుగుకు 1,700 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కావాలి. ఆయన ఆక్సిజన్, హైడ్రోజన్ వాయువుల జ్వాలను వాడాడు. కరిగిన పలుగు చిక్కగా, బంకగా ఉండి క్షణంలో గట్టిపడుతుంది. చేతితో లాగితే ఆ వేగం చాలదు. అందుకు ఆయన కనిపెట్టిన ఉపాయం వింటే పిల్లల ఆట అనిపిస్తుంది. ఒక చిన్న విల్లు తెచ్చి బిగించాడు. గడ్డిపరకతో బాణం చేసి, కొనకు సూది గుచ్చి, వెనుక లక్కతో పలుగు పుల్లను అతికించాడు. ఆ పుల్లను జ్వాలలో పట్టి, మెత్తబడగానే బాణం వదిలాడు. అది దూసుకుపోయిన దారిలో సాలీని పోగు వంటి దారం మిగిలింది. 90 అడుగుల పొడవు, అంగుళంలో పదివేలవ వంతు మందం! ఉర్దూ మాతృభాషగా గల మా విద్యార్థి ఒకడు ఈ కథ విని, ఇదేమి శాస్త్రం, తీర్ కమాన్ కదా అని నవ్వాడు. నిజమే, 1887లో ప్రకటితమైన ఆ విధానంలో కొలిమి, విల్లు, బాణం తప్ప మరేమీ లేవు. పలుగు దారమో, ఉక్కుకు తీసిపోని బలం గలది; మెలి వదలగానే ఉన్నచోటికి వచ్చేది. దానితో కట్టిన ఒక పరికరం మైలుకు పైగా దూరానగల కొవ్వొత్తి వేడిని సైతం పసిగట్టింది.

ఆ దారమే ఆయనను గురుత్వ ప్రయోగానికి పురికొల్పింది. 1798లో కావెండిష్ ఆరడుగుల కడ్డీతో, ఒక్కొక్కటి 158 కిలోల సీసపు గుండ్లతో చేసిన ప్రయోగాన్ని బాయ్స్ అంగుళం కూడా లేని కడ్డీకి కుదించాడు. కడ్డీకి వేలాడినవి చిన్న బంగారు గుండ్లు. వాటిని ఆకర్షించినవి ఏడు కిలోలకు పైబడిన సీసపు గుండ్లు. ఒక గుండు ప్రభావం రెండవ దానిపై పడకుండా రెండు జతలను వేర్వేరు ఎత్తులలో అమర్చాడు. లండన్ వీధుల అదురు పడక, పరికరాన్ని ఆక్స్‌ఫర్డ్‌లోని క్లారెండన్ ప్రయోగశాల నేలమాళిగకు చేర్చాడు. అక్కడా రైళ్ల బాధ తప్పలేదు. ఆదివారం అర్ధరాత్రి దాటాక, రైళ్లు కదలని కొద్ది గంటలలో, తన శరీరపు వేడి సైతం తగలకుండా దూరాన కూర్చుని దుర్భిణితో చూసేవాడు. 1895లో ఆయన ప్రకటించిన విలువకు, నేడు అంగీకరించిన విలువకు తేడా నూటికి పావు వంతు.

1897లో కళాశాల విడిచి, లండన్ గ్యాసు నాణ్యతను నిర్ణయించే అధికారి అయ్యాడు. గృహజీవితం ఆయనకు అచ్చిరాలేదు. 1910లో వివాహబంధం తెగిపోయింది. మెరుపును చిత్రించే తిరుగుడు కటకాల కెమెరాను 1900 ప్రాంతంలో తయారుచేసి, ఏళ్ల తరబడి వెంట తిప్పినా తగిన మెరుపు దొరకలేదు. 1930 తరువాతి సంవత్సరాలలో దక్షిణాఫ్రికాలో షోన్‌లాండ్ అటువంటి కెమెరాతోనే మెరుపు నేలకు దిగే తీరును బయటపెట్టాడు.

ఆ కాలంలోనే అమెరికాలో గాజు పోగుల పరిశ్రమ తలెత్తింది. కొలిమిలో కరిగిన గాజు వందల రంధ్రాలున్న ప్లాటినం మిశ్రమలోహపు పాత్రలోనుంచి కారుతుండగా, కింద వేగంగా తిరిగే డోలు ఆ ధారలను పోగులుగా లాగి చుట్టుకుంటుంది. బాణం చేసిన పనినే డోలు ఆగకుండా చేస్తుంది.

బాయ్స్‌కు 1935లో సర్ బిరుదు లభించింది. రెండేళ్లకు ఆయన ప్రకటించిన పుస్తకం భౌతికశాస్త్రం మీద కాదు, తోటలోని కలుపు మొక్కల మీద. 1944 మార్చి 30న, ఎనభైతొమ్మిదవ ఏట, హాంప్‌షైర్‌లోని సెయింట్ మేరీ బోర్న్ గ్రామంలో కన్నుమూశాడు.