డి-503ని పుట్టించిన ఇంజనీరు

హంగర్ గేమ్స్ చూడనివాళ్ళు మన బ్యాచ్‌లో తక్కువే. స్కాట్ వెస్టర్‌ఫెల్డ్ 'అగ్లీస్' చదివినవాళ్ళకి గుర్తుంటుంది, పదహారేళ్ళు రాగానే అందం కోసం చేసే ఆపరేషన్ మెదడుని కూడా మార్చేస్తుంది. అలాంటి ఆపరేషన్‌ని వందేళ్ళ క్రితమే ఊహించినాయన మన బాపతే, ఇంజనీరు. పేరు యెవ్‌గేనీ జమ్యాతిన్.

1884లో రష్యాలోని లెబెద్యాన్‌లో పుట్టాడు. సెయింట్ పీటర్స్‌బర్గ్ పాలిటెక్నిక్‌లో ఓడల నిర్మాణం చదువుతూనే బోల్షెవిక్‌లలో చేరాడు. 1905లో అరెస్టు చేసి నెలల తరబడి ఒంటరి గదిలో పెట్టారు. అయినా డిగ్రీ పూర్తి చేశాడు! 1916లో ఇంగ్లండ్ వెళ్ళి రష్యా కోసం కడుతున్న ఐస్‌బ్రేకర్ ఓడల పని చూశాడు. మరుసటేడు తిరిగొచ్చేశాడు.

1920-21లో రాసిన నవల పేరు ఇంగ్లీషులో 'వి'. తెలుగులో 'మేము' అనాలా, 'మనం' అనాలా? నేనైతే 'మనం' అంటాను. ఆ రాజ్యంలో బయట నిలబడే హక్కు ఎవరికీ లేదు కదా. అక్కడ మనుషులకి పేర్లుండవు, నంబర్లే. (మన రోల్ నంబర్లు గుర్తొస్తే నా తప్పు కాదు.) ఇళ్ళు గాజువి, చీటీ ఉన్న గంటలోనే కర్టెన్ దించుకోవాలి. హీరో డి-503 అంతరిక్ష నౌక కట్టే గణితజ్ఞుడు. నిజంగానే సంతోషంగా ఉంటాడు. నన్ను భయపెట్టింది అదే. ఆ రాజ్యం తిండి పెడుతుంది, పని ఇస్తుంది, గందరగోళం లేకుండా చూస్తుంది. ఎవరో లెక్కకట్టి చేతిలో పెట్టిన సంతోషం నాదేనా? మనం ఆప్టిమైజేషన్‌ని మార్కుల కోసం చదువుతాం, ఆయన మాత్రం మనుషుల్నే ఆప్టిమైజ్ చేస్తే ఏం మిగులుతుందో చూపించాడు. డి-503 ప్రేమలో పడగానే, ఆత్మ పుట్టిందని డాక్టరు రోగంలా చెప్తాడు. చివరికి రాజ్యం చేసే ఆపరేషన్ తీసేసేది ఊహాశక్తిని.

అసలు గొడవ ఇంకోచోట ఉంది. ఐ-330 అనే అమ్మాయి అతన్ని చివరి అంకె ఏదో చెప్పమంటుంది. అంకెలకి చివరేంటని అతను నవ్వితే, మరి విప్లవాలకి చివరిది ఎలా ఉంటుందని అడుగుతుంది. తమదే ఆఖరి విప్లవం అనుకునే ప్రభుత్వానికి ఇది ఎలా నచ్చుతుంది? సొంత దేశంలో అచ్చు కానివ్వలేదు. 1924లో ఇంగ్లీషు అనువాదం న్యూయార్క్‌లో వచ్చింది. 1929 నాటికి పత్రికలు ఆయన మీద విరుచుకుపడ్డాయి, రచనలకి దారులన్నీ మూసేశారు. 1931లో నేరుగా స్టాలిన్‌కే ఉత్తరం రాసి, దేశం వదిలి వెళ్ళనివ్వమని అడిగాడు. ఆ రోజుల్లో అలా అడగడానికి ఎంత గుండె కావాలి! గోర్కీ మాటసాయం చేశాడు, అనుమతి దొరికింది.

1937లో పారిస్‌లో, పేదరికంలో చనిపోయాడు. ఆ నవల సోవియట్ యూనియన్‌లో అచ్చయ్యేసరికి 1988 వచ్చింది.